వయా అవనిగడ్డ

సికింద్రాబాదులో, మోండా మార్కెటునకు రెండు వీధుల అవతల, మా యింటి అటుకపైన ఒక రేకుపెట్టె యున్నది. నేను కథలు వ్రాయుట మొదలుపెట్టిన నాటినుండి పాఠకులు వ్రాసిన ఉత్తరములన్నియు అందులోనే పడియున్నవి. వానిలో మెచ్చుకోళ్లు కలవు, తిట్లు కలవు, నా కథానాయిక పేరు తమ బిడ్డకు పెట్టుకొంటిమన్న కబుర్లు కలవు, నేనెన్నడును చూడనివారి పెండ్లి శుభలేఖలు సైతము కలవు. ఆ పెట్టెలో ఒక మూలగా, నవారు ముక్కతో కట్టిన చిన్న కట్ట యొకటి వేరుగా నున్నది. అందులోని కార్డులపై చిరునామా అడుగున నుండు మాటలు ఇంచుమించు ఒక్కటే: ‘వయా అవనిగడ్డ, కృష్ణా జిల్లా’. ఈ సాయంకాలము ఆ కట్టను గూర్చి మీతో ముచ్చటింపదలచితిని.

రచయితకు పాఠకుడు మొట్టమొదట ఒక ఊరిపేరుగా పరిచయమగును. ఆ మనిషి ముఖమెట్టిదో తెలియదు, వయస్సెంతో తెలియదు, అతడు మన కథను పెంకుటింటి అరుగుమీద కూర్చుండి చదివెనో తాటాకుపాకలో గుడ్డిదీపము ముందు చదివెనో తెలియదు. తెలిసినదెల్ల కార్డు కొసన ఇరికించి వ్రాసిన పోస్టాఫీసు పేరు మాత్రమే. నాగాయలంక, కోడూరు, ఎదురుమొండి, హంసలదీవి అను పేర్లు నాకు తెలిసినది ఆ విధముగనే. కృష్ణ సాగరసంగమము చేయుచోట మునిగిన కాకి హంసయై తేలెనని, అందుచేతనే ఆ ఊరికి హంసలదీవి యని పేరు వచ్చెనని నాకు చెప్పినది గ్రంథములు కావు, ఒక పాఠకురాలి కార్డు. ఈ దండు ప్రదేశములో పుట్టి, ఇరువది రెండేండ్లు వచ్చువరకు సముద్రమును కంటితో చూడనివాడను నేను. నేనెరిగిన మహాజలమెల్ల 1562లో త్రవ్వించిన మన హుస్సేన్‌సాగరమే. గాలి విసరిన సాయంకాలమున ఆ కట్టమీద నడచునపుడు నాలుగు తుంపురులు పంచెయంచున పడినచో, కెరటముల సంగతి నాకు తెలిసిపోయినదని తలంచెడివాడను.

అట్టివాడను గనుకనే కాబోలు, ‘ఉప్పెన’ అను మాటను చాల దుబారాగా ఖర్చుపెట్టెడివాడను. జనము ఉప్పెనగా వచ్చిరి, దుఃఖము ఉప్పెనవలె పొంగెను, చప్పట్లు ఉప్పెనలైనవి. మెట్టసీమ రచయితలలో ఈ జబ్బు నాయొక్కనికే పరిమితము కాదు. 1976లో ఒక వారపత్రికయందు నా కథ వెలువడిన పదిరోజులకు నాగాయలంక ప్రాంతమునుండి ఒక పాఠశాలోపాధ్యాయుడు కార్డు వ్రాసిరి. పేరు చెప్పను, మాస్టరుగారనియే పిలిచెదను. “అయ్యా, తమ కథలో జాతరకు జనం ఉప్పెనలా వచ్చారని రాశారు. ఉప్పెనొస్తే జనం రారండి, పోతారు. మా నాయనమ్మ తల్లిగారు బందరు ఉప్పెనలో తాటిచెట్టు మొవ్వు పట్టుకుని తెల్లవార్లూ ఉన్నారట. ఆ మాట మా ఇళ్లల్లో మామూలు మాట కాదు. చిత్తగించగలరు.” బందరు ఉప్పెన యనగా 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్టణమును ముంచి సుమారు ముప్పదివేల ప్రాణములను గొన్నది. నూటపండ్రెండేండ్లు గడచినను ఆ ఇండ్లలో ఆ మాట మానిన గాయము కాలేదు. నేను కృతజ్ఞతలు తెలిపి, కథ పుస్తకముగా వచ్చునపుడు ఆ వాక్యమును తప్పక మార్చెదనని జవాబు వ్రాసితిని. మార్చలేదు. బద్ధకమునకు మించిన కారణమేదియు చెప్పలేను.

ఇక 1977. పింగళ నామ సంవత్సరము, కార్తీక శుక్లపక్షము, నవంబరు 19, శనివారము. వారము ముందే నాగపట్నము ప్రాంతమున మరియొక తుపాను తీరము దాటియుండుటచేత, రేడియోలో వాయుగుండము మాట వినుట మాకు వాడుకైపోయినది. ఈ రెండవది అండమానుల దిక్కున పుట్టి, మొదట పడమరగా సాగి, పిమ్మట ఉత్తరమునకు మళ్లి, ఆ శనివారము చీరాల నిజాంపట్నముల ప్రాంతమున నేలనెక్కెను. మా యింట ఆ సాయంకాలము మబ్బును చల్లగాలియు తప్ప వేరు విశేషము లేదు. పకోడీలు వేయించుకొని తింటిమి. ఈ పకోడీల మాట చెప్పకపోయినను జరుగును. కాని ఇన్నేండ్లుగా నన్ను వెంటాడునది ఆ వాసనయే గనుక చెప్పక తప్పలేదు.

వార్త ఒక్కమారుగా రాలేదు, తునకలు తునకలుగా వచ్చెను. కృష్ణానది పులిగడ్డయొద్ద రెండుగా చీలి, రెండుపాయల నడుమ దివిసీమను దీవిగా నుంచినది, మూడవవైపు సముద్రము. తంతితీగలు తెగి, చెట్లు కూలి బాటలు మూసికొనిపోగా, ఆ దీవిలో ఏమైనదో బయటి లోకమునకు తెలియుటకే దినములు పట్టినవి. తెలిసినకొలదియు అంకెలు పెరిగినవి. పదిహేనడుగులకు పైబడిన నీటిగోడ సొర్లగొంది, పాలకాయతిప్ప మొదలగు పల్లెలను తుడిచిపెట్టెనని, కోతకు సిద్ధమైన వరిచేలపై శవములును పశుకళేబరములును కలిసి తేలినవని పత్రికలు వ్రాసినవి. ప్రభుత్వపు లెక్కకే మృతులు సుమారు పదివేలు. ఆ లెక్క తక్కువయని ఆ సీమవారు నేటికిని అందురు. అయినను గాలి దెబ్బకు పోయినవారికంటె నీటి దెబ్బకు పోయినవారే అధికులనుట ఎల్లరు నొప్పుకొన్నమాట. మన భూగోళార్ధమున తుపానుగాలి అపసవ్యముగా తిరుగును. అందుచేత తుపాను నడచు దిక్కునకు కుడిప్రక్క నున్న తీరముపైకి అది సముద్రమును నెట్టుకొనివచ్చును. దివి ఆ కుడిప్రక్కన నుండెను. అచట తీరము వంపు తిరిగి యుండును, సముద్రము చాలదూరమువరకు లోతులేనిది, నేల అరచేయివలె చదునైనది. ఇన్ని ఒక్కచోట కూడినపుడు నీటికి ఎక్కుట తప్ప వేరొక దారి లేదు.

ఆ ఆదివారమో సోమవారమో నేను రేకుపెట్టె దింపి, కృష్ణా జిల్లా కార్డులను ఏరితిని. దివి తాలూకావి పదునొకండు చిరునామాలు తేలినవి. పదునొకండు కార్డులు కొని ముందుపెట్టుకొని కూర్చుండగా, కలము కదలలేదు. శ్రోతలలో పెద్దలెరుగుదురు, మన జాబులు ‘ఉభయకుశలోపరి’ యని మొదలగును. ఇరువైపులను కుశలము, అటుపిమ్మట అని దాని అర్థము. బాల్యమునుండి ఆ మాట వ్రాయకుండ నే నుత్తరము మొదలుపెట్టి యెరుగను. ఆనాడు ఆ ‘ఉభయ’ వ్రాయుటకు నాకేమి హక్కు? తుదకు కార్డు తలవైపున కొంత ఖాళీ విడిచి, “మీ ఊరి వార్త విన్నది మొదలు మనసు మనసులో లేదు. ఒక్క అక్షరమైనను వ్రాయింపుడు” అని పదునొకటింటిపైన అదేమాట వ్రాసితిని. వ్రాసి, నేను వీరికి ఏమగుదునని నన్ను నేనే ప్రశ్నించుకొంటిని. చుట్టమును కాను, పొరుగువాడను కాను, కులస్థుడనో సహాధ్యాయుడనో కాను. చావుకబురు వచ్చినచో మైలపట్టవలసిన సంబంధమేదియు లేదు. వారు మెచ్చిన నాలుగు అబద్ధములు వ్రాసినవాడను, అంతియే.

మా ప్రక్కయింట ఉర్దూ కవిత్వముపై ప్రాణము పెట్టెడి వృద్ధుడొకాయన ఉండెడివాడు. నేను వీధి అరుగుమీద టపా బంట్రోతుకై ఎదురుచూచుట కనిపెట్టి, ఆయన 1908 సెప్టెంబరు 28నాటి మూసీ వరద సంగతి చెప్పిరి. ఆ వరద హైదరాబాదులో వేలకువేల ప్రజలను పొట్టనబెట్టుకొన్నది. అఫ్జల్‌గంజివైపున ఒక చింతచెట్టు నూటయేబదిమందివరకు కొమ్మలపై నిలిపి కాపాడినది. ఆ చెట్టు నేటికిని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నున్నది. కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకొని తానొక్కడు మిగిలిరి. ఆ ప్రళయమును గూర్చి పద్యము వ్రాసిరి. “ఆయనకు చిరునామాలు వెదుక్కునే పని లేకపోయింది బాబూ” అని వృద్ధుడు లేచి లోపలికి పోయెను. అది ఓదార్పో ఎత్తిపొడుపో నాకిప్పటికిని తేలలేదు.

ఇంతలో వేరొక చిక్కు వచ్చినది. అప్పుడు నా నవల యొకటి వారపత్రికలో ధారావాహికముగా నడచుచుండెను. అందులో సరంగు వీరన్న యను పాత్ర నాకు చాల ఇష్టుడు. డిసెంబరు సంచికకై పంపిన ప్రకరణములో గాలివాన రేపి, అతని పడవ బోల్తాకొట్టించి, అతనిని చంపియుంటిని. బాగుగనే చంపితినని లోలోన పొంగియుంటిని కూడ. దివి వార్తలు చదివిన పిమ్మట ఆ పుటలు జ్ఞప్తికిరాగా సిగ్గుతో చెవులు కాలినవి. నా తుపానులో గాలి ఎటు వీచెనో, నీరు ఎంత ఎత్తు వచ్చెనో, ఎంతసేపు నిలిచెనో నాకే తెలియదు. తెలిసినదెల్ల చదువరి కంట నీరు రావలెనని. ట్రంకుకాలు చేసి ఆ ప్రకరణము నాపుమని సంపాదకుని బ్రతిమాలితిని. ఆయన మంచివాడు, ఆ వారమునుండి సీరియలు ఆపి, రచయిత అనారోగ్యమని ప్రకటించిరి. అదియు ఒక విధముగ నిజమే.

ఆ దినములలోనే గ్రంథాలయములో హెన్రీ పిడింగ్టన్ అను నాతని ప్రస్తావన నా కంటబడినది. కలకత్తాలో నుండి తుపానుల చరిత్రలు సేకరించి, గ్రీకు భాషలోని చుట్టయను అర్థము గల మాటనుండి ‘సైక్లోన్’ అను పేరు కల్పించినవాడాయన. 1848లో నావికుల కొరకొక పుస్తకము వెలువరించి, దానితోకూడ గాలిదిక్కులు గుర్తించిన పారదర్శకమైన కొమ్మురేకులు జతపరచెను. ఓడ మీది నావికుడు ఆ రేకును పటముపై నుంచి, తుపానుకేంద్రము తనకెటువైపున నున్నదో, తానెటు తప్పించుకొనవలెనో తెలిసికొనును. ఎన్నడును చూడని పాఠకుడు ఏ గడియలో, ఏ తడిచేతితో పుస్తకము తెరచునో ఊహించి, ఆ చేతికందునట్లు వ్రాసినవాడాయన. ఆయనే 1853లో, మాత్లా నదిపై క్యానింగ్ రేవు కట్టవలదు, ఉప్పెన దానిని ముంచునని గవర్నరు జనరలుకు బహిరంగలేఖ వ్రాసెను. ఎవరును లెక్కచేయలేదు. ఆయన 1858లో కాలముచేసెను. 1867లో తుపాను వచ్చి ఆ రేవు పాడుచేసెను. నా వీరన్న చావును ఆ కొమ్మురేకు ప్రక్కన పెట్టి చూచుకొన్నపుడు, నాకు కలిగిన భావమును వర్ణింపనక్కరలేదు.

సికింద్రాబాదులో చందాలకు కొరత లేదు. దుకాణదారులు దుప్పట్లు కట్టలు కట్టలుగా ఇచ్చిరి, స్టేషనులో సంచులు పేర్చిరి. ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావుగార్లు జోలెపట్టి ఊరూరు తిరిగి దివికొరకు విరాళములడిగిరి. మదర్ థెరెసా వచ్చి చూచిపోయిరి. నేనును చేతనైనది ఇచ్చితిని. ఇచ్చిన తరువాతను మరల అరుగుమీదికే వచ్చి కూర్చుండెడివాడను.

జవాబులు డిసెంబరులో మొదలైనవి. ముగ్గురు త్వరగనే వ్రాసిరి. వారు పెద్ద ఊళ్లలో, మేడ యిండ్లకు చేరువగా నున్నవారు. నాలుగు కార్డులు, తీసికొనువారు లేరని తపాలావారు వ్రాసిన వ్రాతతో, మరల నాకే వచ్చినవి. వానిలో ఒకటి హంసలదీవి కాకి కథ చెప్పిన ఆమెకు వ్రాసినది. మాస్టరుగారి జవాబు సంక్రాంతి దాటిన పిదప వచ్చినది. నీరు తగిలి ఉబ్బి ఎండిన కార్డు. తలవైపున, ఎప్పటివలెనే, గుండ్రని అక్షరములతో ‘ఉభయకుశలోపరి’. దాని క్రింద: “మా ఊరికి పుస్తకాల పోస్టు ఇంకా సరిగా రావడం లేదు. బడి బీరువా పోయింది. పిల్లలకు రాత్రిళ్లు నిద్ర పట్టక మీ సీరియలు నోటితో చెబుతున్నాను. నవంబరు సంచికల దాకా చెప్పాను. వీరన్న పడవ ఎక్కాడు. తరువాత ఏమయిందో త్వరగా తెలియజేయగలరు. పిల్లలు అడుగుతున్నారు.”

ఆ కార్డు చేత పట్టుకొని ఎంతసేపు కూర్చుంటినో చెప్పలేను. వీరన్నను బ్రతికించితిని. గాలివాన తీసివేసి, పడవను మామూలుగా ఒడ్డుకు చేర్చి, అతనిచేత నాలుగు వంకాయలు కొనిపించి ఇంటికి పంపితిని. ఆ నవల పుస్తకముగా వచ్చినపుడు, నడుమ బిగి సడలినదని విమర్శకుడొకడు వ్రాసెను. నిజమే, సడలినది.

ఆ యేడు వేసవి మొదట నేను దివికి పోయితిని. విజయవాడలో బస్సెక్కి, పులిగడ్డ అక్విడక్టు దాటి, అవనిగడ్డ చేరునప్పటికి మధ్యాహ్నమైనది. మాస్టరుగారు బస్‌స్టాండులో గొడుగుతో నిలుచుండిరి. నేననుకొన్నదానికంటె పొట్టివారు. ఈ అవనిగడ్డ మండలి వెంకట కృష్ణారావుగారి ఊరు. 1975లో హైదరాబాదున తొలి ప్రపంచ తెలుగు మహాసభలు నడిపించిన ఆయన దేశదేశముల తెలుగువారిని పిలిచి భాషకు పండుగ చేసిన మూడవయేటనే, సొంత సీమకు ఈ గతి పట్టెను. దారిపొడవునను చేలు తెల్లగా నుండెను. వెన్నెల కాదు, ఉప్పు. నేల చౌడు తేరినదని, మంచినీటితో కడిగి కడిగి మరల వరికి తెచ్చుకొనవలెనని మాస్టరుగారు చెప్పిరి. మడ అడవి దట్టముగా నిలిచినచోట నీటి జోరు తగ్గెనని, నరికివేసినచోట అడ్డులేక వచ్చెనని కూడ చూపిరి.

నడుమ ఒక కాలువ గట్టున నిలిచి ఆయన తన బాల్యమును తలచుకొనిరి. 1935 ప్రాంతమున పాతూరి నాగభూషణముగారు ఆవలియొడ్డున, కొల్లిపర దిక్కున, కృష్ణా కాలువపై పడవలో గ్రంథాలయము నడిపిరి. పడవ రేవున కాగును, ఊరివారు వచ్చి చదివిన పుస్తకమిచ్చి క్రొత్తది తీసికొందురు. మేనమామ యింటికి పోయినపుడు తానును ఆ పడవనుండి ఒక పుస్తకము తెచ్చుకొని, తిరిగి ఈయలేదట. “అదీ మొన్న పోయిందండి. నీళ్లమీద వచ్చింది, నీళ్లలోనే పోయింది. అప్పు తీరిపోయినట్టే” అని ఆయన నవ్విరి. నేను నవ్వలేకపోయితిని.

పాలకాయతిప్ప వైపున ఇసుకదారిలో నడచునపుడు నేను నా కార్డుల కట్ట తీసి, తిరిగివచ్చిన నాలుగు పేర్లను చదివి, ఆ యిండ్లెక్కడివని అడిగితిని. ఆయన మూడింటిని చెప్పగలిగిరి, ఒకదాని నెరుగరు. ఆ పిమ్మట ఎదుట కనుపించు మొండిగోడలు, విరిగిన తాళ్లు, పట్టాలు కప్పిన గుడిసెలు చేయిచూపి, మెల్లగా ననిరి: “ఇక్కడ మీ పాఠకులెవరూ లేరండి. వేటకెళ్లేవాళ్లు, కూలికెళ్లేవాళ్లు. పోయినవాళ్లలో ఎక్కువమంది వీళ్లే. వీళ్లలో ఒక్కరికీ మీ పేరు తెలియదు. రేడియో చెప్పింది, నిజమే. రేడియో ఉన్న ఇల్లు ఈ తిప్పమీద ఎన్నని?” కఠినముగా అనలేదు. బడిపిల్లవానికి లెక్క తప్పినచోట వ్రేలుపెట్టి చూపినట్లు చూపిరి. నా ఆరాటమెల్ల పదునొకండు చిరునామాలంత. వ్రాయనేర్చినవారు, కార్డు కొనగలిగినవారు, నన్ను మెచ్చినవారు; ఆ వలయము దాటి అది ఒక్క అడుగు వేయలేదు. పత్రికలో పదివేలని చదివినపుడు సయితము నేను వెదకినది ఆ పదివేలలో నా పదునొకండుగురిని.

తిరుగుదారిలో వేరొకరివలన తెలిసినది, మాస్టరుగారి తమ్ముడు ఆ రాత్రి గొడ్లను విప్పుటకు పోయి రాలేదని. బస్సు కదలబోవునపుడు నేను ఉండబట్టలేక, ‘ఉభయకుశలోపరి’ యని యెట్లు వ్రాయగలిగితిరని అడిగితిని. ఆయన కొంచెము తబ్బిబ్బు పడి, “చేతి అలవాటండి” అనిరి.

ఇది జరిగి దశాబ్దములైనవి. 1990 మే నెలలో ఇంచుమించు అంతటి తుపానే కృష్ణా ముఖద్వారముల ప్రాంతమును కొట్టినది. ముందుగ జనమును తరలించుటచేతను, ఎత్తుగా కట్టిన తుపాను రక్షణ భవనములు నిలిచియుండుటచేతను, ప్రాణనష్టము వేయికి లోపల నిలిచినది. మాస్టరుగారు ఆ భవనములలో ఒకదానినుండి నాకు కార్డు వ్రాసిరి. పిల్లలకు మరల వీరన్న కథ చెప్పితిననియు, ఈ మారు కాగడాకు బదులు పెట్రోమాక్సు వెలుతురులో చెప్పితిననియు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపై విరుచుకుపడినపుడు నాకు తెలిసిన పాఠకులకు ఫోనులు చేసితిని. ఫోనులు మూగవోయినవి. కార్డు తిరిగివచ్చుటలో కనీసమొక తిరిగివచ్చుట యున్నది. ఆ మూగఫోనులో అదియు లేదు. ఆ మారు మాత్రము, ఎరిగినవారి నంబర్లు తిప్పుట చాలించి, తీరపు పల్లెల పేర్లు వరుసగా రేడియోలో చదువుచుండగా కడదాక వింటిని.

ఉప్పెన వాక్యమును మలిముద్రణములో తీసివేసితిని. మాస్టరుగారు ఇప్పుడు లేరు. నేటికిని కార్తీకమాసములో, మచిలీపట్టణము నిజాంపట్నము రేవులలో ప్రమాద సూచిక ఎగురవేసిరని వార్తలలో వినబడినచో, నేను అటుకపైనుండి పెట్టె దింపెదను. తిరిగివచ్చిన ఆ నాలుగు కార్డులు మీదనే యుండును. నా చేతివ్రాత వెలిసి లేతగోధుమవన్నె తిరిగినది. తలవైపున నేను విడిచిన ఖాళీ మాత్రము ఆ నాటివలెనే యున్నది.